అంగుళం వెడల్పు గడి

కార్పొరల్ పిల్‌బీమ్ తెచ్చిన పుస్తకంలో
పేజీకి నాలుగు గడులు:
పేరు, దాని స్పెల్లింగు, ఎవరు చెప్పారు, అర్థం.
అర్థానికి దక్కింది అంగుళం వెడల్పు.

నాకప్పుడు పదిహేడేళ్ళు.
బడిపంతులు కూతుర్ని, రెండు భాషలు వచ్చినదాన్ని.
రోజుకి ఆరు పెన్నీల కూలికి
అతని చెవికీ ఓయ్‌రిక్ అవ్వ నోటికీ మధ్య
వేసిన పలక వంతెనని.

అవ్వ గుమ్మంలో ఉన్ని దువ్వుతూ
తలెత్తకుండా చెప్పేది.
"అది మ్యాల్ గోర్మ్."
మ్యాల్ అంటే?
"ముద్ద. పేరు పెట్టినవాడు ఆకలి మీదున్నాడేమో."
గోర్మ్ అంటే నీలమా, ఆకుపచ్చా?
అవ్వ అతన్ని జాలిగా చూసింది.
"ఎక్కడ నిలబడి అడుగుతున్నాడీ అబ్బాయి?
ఇక్కణ్ణుంచి నీలం.
ఆవుల్ని తోలుకెళితే కాళ్ళకింద పచ్చిక.
మాకు రెండిటికీ ఒకటే మాట."

దూరపు కొండలు నునుపంటారు.
నునుపే కాదు, నీలం కూడా.
కలం ముల్లు కాసేపు గాల్లో ఆగి
'నీలి కొండ' అని రాసుకుంది.
పాపం, అతను దాన్నెక్కలేదు.

తర్వాతి కొండ పేరు విని నేను నోరు మెదపలేదు.
అవ్వ పకపకా నవ్వింది.
గొర్రెలకాపరి ఫెరఖర్ టోపీలో మొహం దాచుకున్నాడు.
ఏమిటి? ఏమిటి దానర్థం?
"ముసలాయన... చేతికర్ర" అన్నాను.
ఈనాటికీ అచ్చులో అది చేతికర్రే.

ఫెరఖర్‌కి తెలిసినన్ని పేర్లు
ఆ లోయలో ఎవరికీ తెలియవు.
మంచు ఆఖరిదాకా కరగని పల్లం,
జింకపిల్లలు పాలు మానే మలుపు,
ఎవరో ఆడమనిషి ఒక్కతే పురుడు పోసుకున్న గుడిసె దిబ్బ.
ఏం లాభం, 'ఎవరు చెప్పారు' గడిలో
వేలిముద్ర చెల్లదట.
సంతకం చెయ్యగల పెద్దమనుషులు కావాలట.
ఎస్టేటు గుమాస్తా ఏనాడూ గుర్రం దిగలేదు.
పాదిరీకి కొండల్లో దయ్యాలే కనిపించేవి.
మా నాన్న మోకాళ్ళు రుద్దుకుంటూ
కిటికీలోంచి ఒకసారి చూసి
వరసగా పదకొండు శిఖరాలకి సంతకం పెట్టాడు.

ఆఖరిరోజు వాన. వాన ఆగితే నుసుములు.
వాగుపైన ఒక్క బండ మిగిలింది.
దాని పేరు?
దానికి పేరు లేదు. బండని బండ అనేవాళ్ళం.
అతని బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి.
గడి ఖాళీగా వదిలితే పైవాళ్ళు తిడతారట.
అప్పుడా బండమీద మా ఒంటికొమ్ము మేక నిలబడుంది,
టోర్కిల్,
ఎంత పిలిచినా దిగిరాని మొండిఘటం.
"క్రేక్ టోర్కిల్" అనేశాను, టోర్కిల్ బండ.
టోర్కిల్ ఎవరు?
"వయసు మళ్ళినవాడు. గడ్డం ఉంది.
ఎవరి మాటా వినడు."
ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు.

ఇప్పుడు నాకు డెబ్బై తొమ్మిది.
వేసవిలో హోటలుకి వచ్చే పట్నంవాళ్ళు
మడతల మ్యాపు విప్పి గాలితో కుస్తీ పడతారు.
హోటలు కుర్రాడు సోర్లీ, ఓయ్‌రిక్ మునిమనవడు,
గేలిక్‌లో తిట్లు మాత్రమే వచ్చినవాడు,
వాళ్ళకి టోర్కిల్ కథ చెబుతాడు:
సముద్రం దాటొచ్చిన వీరుడట,
ఆ బండమీద ఒక్కడే నిలిచి
వందమందిని చీకటిదాకా ఆపాడట.
ఆపాడు మరి.
వందమందిని కాదు, మా అమ్మనీ నన్నూ,
పాలచెంబుతో, వానలో.

నిన్న సోర్లీ మ్యాపు పట్టుకొచ్చి
తెల్లగా ఉన్నచోట వేలు పెట్టాడు.
"ఇక్కడేం రాయలేదే?"
మంచు కరగని పల్లం.
ఫెరఖర్ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.
సగమే వచ్చింది, "కోరీ..."
మిగతా సగం ఏ పీట్ పొగలో కలిసిందో.
"జూన్‌లో అక్కడికెళ్ళి నిలబడరా,
చెప్పులు విప్పి.
కాళ్ళకి ఏం తగిలిందో వచ్చి చెప్పు" అన్నాను.

వెళ్తాననే అన్నాడు.
అంతలో హోటల్లో టీ గంట కొట్టారు.
మ్యాపు నా ఒళ్ళో వదిలేసి పరిగెత్తాడు.